డబ్బాలు కనబడితే డిలీట్ కొట్టకండి



మేము ఆదిలాబాద్ జిల్లా గోండు పిల్లలం. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కినోళ్లం మేమే మొదలు. ఇప్పుడు హాస్టల్‌లో ఉండి డిగ్రీ కంప్యూటర్స్ చదువుతున్నం. మేము చేసిన తప్పు ఇంకెవరూ చేయొద్దని ఇది రాస్తున్నం.

పోయిన సెమిస్టర్‌ల ప్రాజెక్టుకు గోండి పదాల పట్టిక తయారు చేద్దామనుకున్నం. గుంజాల లిపి చదవవచ్చిన మా ఊరి తాత మూడు రాత్రులు ఫోన్‌ల చెప్పిండు. మేము సీనియర్ అన్న ల్యాప్‌టాప్‌ల ఎక్కించినం. చెట్ల పేర్లు, పురుగుల పేర్లు... కొన్నయితే మేము కూడా ఎన్నడూ విననివి. ఆ ఫైల్‌ను కాపీ కాకుండా కట్ చేసి పెన్‌డ్రైవ్‌ల వేసుకున్నం.

ల్యాబ్‌లో కోడ్ ఎడిటర్‌ల తెరిస్తే అన్నీ డబ్బాలే. "ఇదేనా మీ భాష?" అని పక్క బెంచీవాళ్లు నవ్విండ్రు. ఫైల్ పాడైందనుకొని, సిగ్గుతోటి డిలీట్ కొట్టినం. పెన్‌డ్రైవ్‌ల కొడితే రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు.

ఫైల్‌కు ఏమీ కాలేదని తర్వాత తెలిసింది. ఫైల్‌లో ఉండేవి అక్షరాల బొమ్మలు కావు, అంకెలు. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. యూటీఎఫ్-8లో తెలుగుకు ఒక్కో కోడ్‌కు 3 బైట్లయితే, మన లిపికి 4. వాటిని తెర మీద గీసుడు వేరే పని. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లోపల ఉండే సింటిల్లా అనే ఎడిటర్ భాగాన్నే చూడండి. 1999 నుంచి ఉంది, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లో నడుస్తది. అయినా అక్షరాల ఆకారం కోసం విండోస్‌లో డైరెక్ట్‌రైట్ లాంటివాటిని, లినక్స్‌లో పాంగోను, మ్యాక్‌లో కోర్ టెక్స్ట్‌ను అడుగుతది. ఎంచుకున్న ఫాంట్‌లో ఆ అక్షరం లేకుంటే అవి ఇంకో ఫాంట్‌లో వెతుకుతయి. ఎక్కడా దొరకకపోతే డబ్బా. అంటే ఆ మిషన్‌ల బొమ్మ లేదని, అక్షరం పోయిందని కాదు.

తెలుగుకూ తిప్పలున్నయి. "స్త్రీ" కంటికి ఒక్కటే అక్షరం, లోపల 6 కోడ్‌లు, 18 బైట్లు. ఎడిటర్ ఆ లెక్క తప్పితే కర్సర్ అక్షరం నడుమ ఇరుక్కుంటది.

నోటో సాన్స్ గుంజాల గోండి అనే ఫాంట్ ఉచితంగా దొరుకుతది. అన్న ల్యాప్‌టాప్‌ల అది వేసి, ఎడిటర్ సెట్టింగ్స్‌ల ఎంచుకున్నం. మళ్లీ తాతకు ఫోన్ చేసినం. "అప్పుడే చెప్పిన గద బిడ్డా?" అన్నడు. సిగ్గు విడిచి నిజం చెప్పినం. తిట్టలేదు, మొదటి నుంచి మొదలుపెట్టిండు. కానీ అన్నీ రాలేదు. "ఒక పురుగు పేరు ఉండె, యాదికొస్తలేదు" అన్నడు. ఇప్పటికీ ప్రతి ఆదివారం అడుగుతున్నం.

మీకు డబ్బాలు కనబడితే ముందు ఫాంట్ చూడండి. ఫైల్ రెండు చోట్ల పెట్టుకోండి. ఇంట్ల పెద్దోళ్లున్నప్పుడే అడిగి రాసుకోండి.