అద్దాల మేడల చెంత పల్లెపాట

భాగ్యనగరమునకు బోవు సోదరీమణులు చార్మినారును, గోలకొండను, సాలార్జంగు ప్రదర్శనశాలను దర్శించి మరలుట వాడుక. ఇప్పుడు నగరమునకు పడమట వెలసిన హైటెక్ సిటీని గూడ చూడవలసియున్నది. మన కుమారులును, కుమార్తెలును, కోడండ్రును పెక్కుమంది అచ్చటనే ఉద్యోగములు చేయుచున్నారు గదా! అయితే మేడలను మాత్రమే చూచి మరలినచో యాత్ర సగమే యగును. తక్కిన సగము ఒక పాటలో నున్నది.

అమీరుపేటలో మెట్రో రైలెక్కి రాయదుర్గము దిక్కుగా పోవలెను. పెద్దమ్మ గుడి దాటిన పిమ్మట పెద్ద పెద్ద బండరాళ్ళును, వాని వెనుక గాజుగోడల మేడలును కానవచ్చును. పూర్వము గోలకొండ కోటకు త్రాగునీ రొసగిన దుర్గము చెరువు ఇచ్చటనే కలదు. దానిపై తీగల వంతెన 2020లో తెరువబడినది. ఈ రైలుమార్గము హైటెక్ సిటీని చేరినది 2019 మార్చిలో.

ఇచ్చటి మేడలలో పెద్దక్క వంటిది సైబర్ టవర్స్. పది అంతస్తులు గల యీ గుండ్రని కట్టడమును 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. అంతకు ముందు మాదాపురము నగరపు పొలిమేర పల్లె. నేడు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు మేడ వెనుక మేడ లేచినది. ఈ ప్రాంతమునకు సైబరాబాదను పేరును స్థిరపడినది.

సైబర్ టవర్స్‌కు చేరువనే శిల్పారామము కలదు. అచ్చట మట్టిగోడల యిండ్లను గట్టి, వానిలో వృత్తిపనివారి ప్రతిమల నుంచినారు. బయట చేనేత చీరలును, మట్టిపాత్రలును అమ్ముదురు. పిల్లలకు వినోదమే. కాని పెద్దవారి మనస్సు కొంత కలుక్కుమనక మానదు. మన అమ్మమ్మల యిండ్లలో నిత్యము వాడుకలో నున్న వస్తువులను నేడు టిక్కెట్టు కొని చూడవలసి వచ్చినది! ఆ సారె యేల ఆగినది? ఆ మగ్గ మేల మూలబడినది? ఈ ప్రశ్నలనే తన పాటగా జేసికొన్న కవి గాయకుడు గోరటి వెంకన్నగారు.

వెంకన్నగారిది పాలమూరు సీమ. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని గౌరారము వారి స్వగ్రామము. పాలమూరు కూలీలనగా దేశమున ననేక చోట్ల ఆనకట్టలు గట్టి, కాలువలు త్రవ్విన శ్రామికులు. కరవునకు ఊరు విడిచి, బిడ్డను చంకనెత్తికొని పనులకు బోయిన తల్లుల సీమ యది. వెంకన్నగారు సహకార శాఖలో ఉద్యోగము చేయుచునే పాటలు గట్టిరి, తామే పాడిరి. వారి భాష పల్లె నోటి భాష. వరుసలు జానపదుల వరుసలు. వాగును, చెట్టును, పిట్టను ఎంత ప్రేమతో పాడుదురో, నగరపు గల్లీలలోని బీదల బ్రదుకును అంత ప్రేమతో పాడుదురు.

2002లో వచ్చిన కుబుసము అను చలనచిత్రములో వారి పల్లెపాటను వందేమాతరం శ్రీనివాస్‌గారు పాడగా అది ఊరూర మారుమ్రోగినది. ఆ పాట కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె మున్నగువారి గడపగడప కడ నిలిచి, అచ్చట పని యాగిపోయిన తీరును జెప్పును. సైబర్ టవర్స్ తెరచిన నాలుగేండ్లకే ఈ పాట ఇంటింట వినబడుట గమనింపదగినది. ఒక వంక మేడలు లేచుచుండగా, మరియొక వంక కొలిములు చల్లారుచుండెను. వల్లంకి తాళము అను కవితాసంపుటికి వారు 2021వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందిరి. అంతకు ముందు 2020లో తెలంగాణ శాసనమండలి సభ్యులుగా నియమింపబడిరి.

ఇట్టి పాట మన దేశమునకే పరిమితము గాదు. మన బిడ్డలు కొలువులకై పోవు అమెరికాలో, ఇండియానా రాష్ట్రపు సీమోర్ అను చిన్న పట్టణమున 1951లో జాన్ మెలన్‌క్యాంప్ అను గాయకుడు జన్మించెను. 1976లో ఆయన తొలి పాటల పళ్ళెము వెలువడినపుడు, వ్యవహారకర్త ఆయనను అడుగకయే కూగర్ అను పేరు తగిలించెను. 1991 నాటికి గాని ఆ యెరువు పేరు పూర్తిగా తొలగిపోలేదు. అప్పులలో మునిగి భూములు గోల్పోవు రైతులను గూర్చి ఆయన పాడెను. 1985లో విల్లీ నెల్సన్, నీల్ యంగ్ అను గాయకులతో గూడి ఇల్లినాయి రాష్ట్రములో రైతుల సహాయార్థము గొప్ప సంగీతసభ జరిపెను. గిటారు వేరు, డప్పు వేరు, దుఃఖ మొక్కటియే.

అట్లని ఈ మేడలను నిందించుట న్యాయము గాదు. నాటి పల్లెలో కొలిమియు మగ్గమును మాత్రమే కాదు, కులపు హెచ్చుతగ్గులును ఉండెడివి. ఆడుపిల్ల చదువునకు అడ్డంకులును ఉండెడివి. నేడు మన యాడుబిడ్డలు ఈ మేడలలో తమ జీతము తాము సంపాదించుకొని, తలయెత్తుకొని నడచుచున్నారు. అది చిన్న లాభము గాదు. కాని ఒక్క యింటనే లాభమును నష్టమును రెండును కలవు. కొడుకు ఆంగ్లమున యంత్రముతో మాటలాడుచుండగా, ఊరిలో తాత మగ్గపు గుంట పూడిపోవుచుండును. లెక్క తేల్చునపుడు రెండు పద్దులును వ్రాయవలెను గదా.

కావున సోదరీమణులారా, హైటెక్ సిటీకి బోయినపుడు బిడ్డలను శిల్పారామమునకు వెంట దీసికొని పొండు. ప్రతిమల యెదుట నిలిచి, ఇది సారె, ఇది బాడిస, ఇది కండె అని పేర్లు చెప్పుడు. తరువాత వెంకన్నగారి పాట వినిపింపుడు. పేర్లు తెలియని వారికి ఆ పాట వట్టి రాగము. తెలిసినవారికి తమ యింటి చరిత్ర. ఆ పేర్లు నేర్పవలసినది తల్లులమైన మనమే.