చంద్రికల కోసం మడకశిర దాకా

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో తెల్ల గూళ్లు ఒకవైపు, పసుపు గూళ్లు ఒకవైపు పోసి ఉన్నాయి. గూళ్ల నుంచి దారం తీసే రీలర్లు కుప్ప అడుగుకంటా చెయ్యి పెట్టి గుప్పెడు గూళ్లు తీస్తారు, చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తారు. లోపల ప్యూపా గలగలమంటే మంచి గూడు. చప్పుడు లేకుండా పైన గోధుమరంగు మరక కనిపిస్తే లోపల పురుగు చచ్చి కుళ్లిందన్నమాట. ఒక రైతు కుప్పలో అలాంటివి చాలా ఉన్నాయి. ధర బాగా తగ్గింది. "ఆకు బాగానే పెట్టినా సార్, పురుగు బాగానే పండింది. చంద్రిక ఎక్కినాకే చెడిపోయినాది" అన్నాడాయన. ఇన్నాళ్లూ పట్టుపురుగు అంటే ఆకు సంగతే విన్నాను. ఈసారి పురుగులు గూళ్లు కట్టుకునే చంద్రికల సంగతి చూడాలనిపించి మడకశిర బస్సెక్కాను.

దారి పొడుగునా వేరుశనగ చేల నడుమ పచ్చగా మల్బరీ తోటలు. కిటికీలకు నైలాన్ వలలు కట్టిన పొడవాటి షెడ్లు. 1980లో కర్ణాటకలోకి వచ్చిపడిన, పట్టుపురుగుల్ని చంపే ఊజీ ఈగ భయం ఇంకా అలాగే ఉంది.

ఒక ఊళ్లో షెడ్డు ముందు ఒకావిడ మంట పెట్టి, వెదురు చంద్రికను దాని మీద అటూ ఇటూ తిప్పుతోంది. వెదురు చాప మీద వెదురు బద్దనే సుడిలా తిప్పి నిలబెట్టి కడతారు చంద్రికను. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. పండిన పురుగుల్ని దానిమీద వదిలితే ఆ సుడి సందుల్లో గూళ్లు కట్టుకుంటాయి.

"కొత్త చంద్రికలా అక్కా?" అని అడిగాను.

"కొత్తవి కాదప్పా. పోయిన పంట పీచు అంటుకోని ఉండాది. రోగమంతా ఆ పీచులోనే. ఉత్త నీళ్లతో కడిగితే పోదు, కాల్చల్ల."

మంట తగలగానే పీచు చిటపటమని మాడిపోతోంది, వెదురుకు నలుపు అంటకముందే ఆవిడ చెయ్యి పక్కకు జరుపుతోంది. ఆ తర్వాత మందునీళ్లు. 100 లీటర్ల నీటికి 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల సున్నం. అందులో ముంచి, ఎండలో నిలబెట్టి, పూర్తిగా ఆరాకే షెడ్డులోకి తీసుకుపోతారు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకునే ఈ పని చేస్తోంది. ఇది చూశాక పట్టుచీర ధర గురించి మాట్లాడేటప్పుడు ఈ చాకిరీని ఎవరూ లెక్కలోకి తీసుకోరే అనిపించి మనసు చివుక్కుమంది.

సున్నం ఎందుకో తిరుగుదారిలో తెలిసింది. హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. అక్కడొకరు ఓపిగ్గా వివరించారు. పురుగు వాచి పాలలాంటి ద్రవం కార్చి చచ్చే రోగానికి కారణం వైరస్. అది ప్రొటీన్ పెంకులో దాక్కుని ఏళ్ల తరబడి పాడుకాకుండా ఉంటుంది. ఆ పెంకు క్షారంలో కరుగుతుంది. పురుగు పొట్టలో క్షారం ఉంటుంది కాబట్టే అక్కడికి చేరగానే వైరస్ బయటపడుతుంది. సున్నం ఆ పనిని పొట్ట బయటే చేస్తుంది. పెంకు విడిపోతే మిగతాది బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్ చూసుకుంటుంది. 1865లో ఫ్రాన్స్‌లోని ఆలేస్‌లో లూయీ పాశ్చర్ తల్లి నుంచి గుడ్లకు సోకే పెబ్రిన్ అనే మరో పట్టుపురుగు రోగం మీద పని మొదలుపెట్టి, గుడ్లు పెట్టిన తల్లి పట్టుచిలుకను మైక్రోస్కోపు కింద చూసి, రోగం లేనిదాని గుడ్లే వాడాలని నేర్పాడు. నేటికీ గుడ్ల కేంద్రాలు చేసేది అదే. కానీ ఎంత మంచి గుడ్డు తెచ్చినా పాత చంద్రిక మురికిగా ఉంటే ఆ జాగ్రత్తంతా వృథా.

మళ్లీ ఆ ఊరికే వస్తాను. పక్క షెడ్డులో ఆ అక్క తమ్ముడు వెదురు చంద్రికలకు బదులు ప్లాస్టిక్ నేత్రికలు వాడుతున్నాడు. మడిచి పెట్టుకోవచ్చు, ఎన్నిసార్లయినా ముంచి కడగొచ్చు, రోగం దాక్కునే పగుళ్లుండవు. మంట మాత్రం పనికిరాదు, పీచును చేత్తో ఏరాల్సిందే. ఇంకో చిక్కుంది. గూడు కట్టే ముందు పురుగు ఒంట్లో మిగిలిన నీటినంతా వదిలేస్తుంది. వెదురు ఆ తడిని కొంత పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ పీల్చదు. అందుకే కింద పాత వార్తాపత్రికలు పరిచాడు, తడిసినప్పుడల్లా మారుస్తాడు. తడి నిలిస్తే దారానికున్న జిగురు ఆరదు. అప్పుడు రీలింగులో దారం తెగిపోతూ ఉంటుంది. మంచి బైవోల్టిన్ రకం గూటిలో దారం 1000 మీటర్ల దాకా వస్తుంది. అంత దారం ముక్కలుకావడానికి రెండు మూడు రోజుల చెమ్మ చాలు.

అట్టతో చేసిన తిరుగుడు చంద్రికలూ ఉన్నాయి. ఒక్కో అట్టకు 156 గదులు, గదికో పురుగు. పైకి పాకే పురుగుల బరువుకు చట్రం తనంతట తానే తిరుగుతుంది. గూళ్లు ఎంతో అందంగా వస్తాయి, రెండు పురుగులు కలిసి ఒకే గూడు కట్టడం బాగా తగ్గుతుంది. అయితే అట్టను నీళ్లలో ముంచలేం. శుభ్రం చేయడం కష్టమైన సామాను ఎంత అందమైన గూడు ఇచ్చినా, ఏడాదికి చాలా పంటలు తీసే చిన్న రైతుకు నేను సిఫారసు చేయను. ఆయనకు నా ఓటు ప్లాస్టిక్ నేత్రికకే, గాలి బాగా ఆడే షెడ్డు ఉంటేనే సుమా. గాలి ఆడని ఇంట్లో వెదురే మేలు, ప్రతి పంటకూ కాల్చే ఓపిక ఉంటే.

ఏది వాడినా కిక్కిరిసిపోకూడదు. చదరపు అడుగుకు 40 నుంచి 50 పురుగులు, అంటే ఒక చంద్రికకు 960 నుంచి 1200. "వాసన కూడా సూసుకోవల్ల. పురుగుమందు డబ్బాల పక్కన పెట్టిన చంద్రికను తాకినా సచ్చిపోతాయి. దోమల కాయిల్ పొగకే తట్టుకోలేవు" అంది అక్క.

కొత్తగా షెడ్డు వేస్తున్నవాళ్లకు ఒక మనవి. చంద్రికల ఖర్చును తోట ఖర్చుతో పాటే లెక్క వేసుకోండి, పక్కింటి నుంచి అరువు తెచ్చుకోకండి. తప్పనిసరైతే షెడ్డు బయటే శుభ్రం చేసి, సున్నం కలిపిన బ్లీచింగ్ నీళ్లలో ముంచి, ఎండలో ఆరబెట్టాకే గడప దాటించండి.