రేకు డబ్బాలోని సొమ్ము

ధ్యానము కొరకు: 2 కొరింథీయులకు 8:16-21

ఈ సంగతి వ్రాయుటకు చాలాకాలము వెనుకాడాను. మా సంఘమువారికి తెలిసినదే గనుక మీ దగ్గర దాచవలసిన పని లేదని ఇప్పుడు వ్రాయుచున్నాను.

2018లో నేను ఆరు గ్రామముల సంఘములను చూచుకొనేవాడిని. ఆరింటిలోను యవ్వనస్థులు గిటారు నేర్చుకొన్నారు. పాత గిటార్లు కొని, పికప్ బిగించుకొని, దాని వైరును గుడిలోని మైక్‌సెట్టుకు తగిలించేవారు. శబ్దము ముద్దగా వచ్చేది. గట్టిగా మీటితే బరబరలాడేది. పికప్‌లో పుట్టే విద్యుత్తు వోల్టులో కొద్ది వంతే. మైకు కొరకు చేసిన సెట్టుకు అది సరిగా కుదరదు. గిటారుకు వేరే యాంప్లిఫయరు ఉండాలి. కొనబోతే వేల రూపాయలు. మా పిల్లలు కూలివారి పిల్లలు.

మా సంఘములో రేడియో మెకానిక్ గారి అబ్బాయి ఐ.టి.ఐ. చదివినవాడు. "అయ్యగారూ, మనమే చేసుకుందామండి" అన్నాడు. కారు రేడియోలలో వాడే టి.డి.ఎ. 2003 అనే ఐదు కాళ్ల ఐ.సి. తెచ్చాడు. అది 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది గనుక కరెంటు పోయినా పాట ఆగదు. దాని ముందు గిటారు శబ్దమును పెంచుటకు చిన్న ట్రాన్సిస్టరు ఒకటి. రాగిరేకు అంటించిన పలక మీద దారులు గీసి, ఫెర్రిక్ క్లోరైడు నీళ్లలో ముంచాడు. గీసిన చోట రాగి నిలిచింది, తక్కినది కరిగిపోయింది. పాత చెక్కపెట్టెలో స్పీకరు బిగించి వాయిస్తే మా చిన్న గుడి నిండిపోయింది.

ఈ పలకలకు ఒక చరిత్ర ఉంది. పాల్ ఐస్లర్ అనే యూదుడు 1936లో వియన్నా విడిచి ఇంగ్లండుకు వచ్చాడు. పరాయి దేశములో, చేతిలో పని లేని రోజులలో, రేడియోలో వైర్లు ఒక్కొక్కటి అతికే బదులు దారులన్నీ పలక మీదనే అచ్చువేయవచ్చునని చేసి చూపించాడు. నేడు మన ఇంటిలోని టి.వి.లోను, సెల్‌ఫోనులోను ఉన్నది ఆ అచ్చు పలకే.

మిగిలిన ఊళ్లవారు కూడ మాకు కావాలన్నారు. ఒక్కొక్క పలక చేతితో చేయుటకు ఆ అబ్బాయికి రోజంతా పట్టేది. హైదరాబాదులో బోర్డులు చేయించవచ్చు. అయితే అచ్చుకు ముందు జరిగే ఏర్పాటు ఖర్చు ఒక్క బోర్డుకైనా 40కైనా ఒకటే. అందరము కలిసి తెప్పించుకొంటే తలకు తక్కువ పడుతుంది. అబ్బాయి నోటు పుస్తకములో పేర్లు వ్రాశాడు. 40 బోర్డులు, ఒక్కొక్కటి 120 రూపాయలు. మొత్తము 4,800 రూపాయలు.

సొమ్ము ఎవరి దగ్గర ఉంచాలి? "అయ్యగారి దగ్గర ఉంటే భయమేముంది" అన్నారు అందరు. ఒక విధవరాలు తన కుమారుని కొరకు కలుపు తీసిన కూలిలోనుండి పన్నెండు పది రూపాయల నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. బిస్కెట్ల రేకు డబ్బాలో వేసి మా ఇంటి బీరువాలో పెట్టాను.

అక్టోబరులో మా చిన్నమ్మాయికి డెంగీ జ్వరము వచ్చింది. రాత్రివేళ ఆటోలో పట్నము తీసికొని వెళ్లాలి. చేతిలో ఏమియు లేదు. డబ్బా తీశాను. 1,900 రూపాయలు తీసికొన్నాను. జీతము రాగానే పెడదామనుకొన్నాను. దేవుని కృపవలన పాప బ్రతికింది. కాని ఆ నెల జీతము మందులకే పోయింది.

ఆర్డరు ఎప్పుడు పంపుదామని అబ్బాయి అడిగాడు. "ఇంకా రెండు ఊళ్ల పేర్లు రావాలి" అన్నాను. అది అబద్ధము. పేర్లన్నీ వచ్చి మూడు వారములైనది. ప్రియులారా, డబ్బు తీయుట కంటె ఈ మాట నన్ను ఎక్కువ బాధించింది. అతడు నమ్మి తలూపి వెళ్లిపోయాడు.

ఒక శనివారము సాయంత్రము ఆ విధవరాలు గుడి ఊడ్చుటకు వచ్చి, "అయ్యగారూ, మావాడి బల్ల వచ్చిందాండీ?" అని అడిగింది. బోర్డు అను మాట ఆమెకు నోరు తిరగదు. మరునాడు మొదటి ఆదివారము. నేను ప్రభువు బల్ల దగ్గర నిలువబడి, ప్రతివాడు తన్నుతాను పరీక్షించుకోవాలని ఇతరులకు చెప్పవలసినవాడను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా భార్యతో చెప్పాను. "రేపు చెప్పేయండి. పోతే పరువే గదా పోయేది" అన్నది.

ప్రసంగము ముగించి, బల్ల ఆరాధనకు ముందు లేచి అంతా చెప్పాను. అబద్ధముతో సహా. చాలాసేపు ఎవరును మాట్లాడలేదు. తరువాత ఒక పెద్ద లేచి, "పాప సంగతి మాతో చెప్పివుంటే మేము ఇవ్వమా, అయ్యగారూ? మమ్మును పరాయివాళ్లను చేశారు" అన్నాడు. ఆ మాట గద్దింపుకన్న గట్టిగా తగిలింది. 1,900 ఆయనే సర్దాడు. రెండు నెలలలో తీర్చాను. అందరును అలా లేరు. ఒక ఊరివారు ఐదు బోర్డుల సొమ్ము 600 వెనక్కి తీసికొన్నారు. వారిని నేను తప్పుపట్టలేదు. మిగిలిన 35 బోర్డులకు ఆర్డరు వెళ్లింది.

ఆలస్యము చేసినవాడనని సిగ్గుపడి నేనే తొందరపెట్టాను. అబ్బాయి తన గీతతో ముందు ఒక్కటి చేసి చూద్దామంటే వద్దన్నాను. నవంబరు చివర బోర్డులు వచ్చాయి. మొదటిది అతికితే శబ్దము లేదు. రాత్రంతా వెదికాడు. ట్రాన్సిస్టరు కాళ్లను క్రిందనుండి చూచి గీసినందున ఎడమ కుడియై పోయినది. వెనుదిప్పి పెడితే పలికింది. అతడు మరునాడు అందరి ఎదుట, "తప్పు నాదేనండి, 35 బోర్డులలోను ఉంది, ట్రాన్సిస్టరు తిప్పి పెట్టుకోండి" అని చెప్పాడు. తరువాత నాతో, "ఇంతకుముందైతే మాట్లాడకుండా నేనే సరిచేసి ఇచ్చేవాడినేమో అయ్యగారూ" అన్నాడు. నేనేమియు అనలేకపోయాను.

క్రిస్మస్‌కు 28 పూర్తయ్యాయి. విధవరాలి కుమారుని పెట్టె కొంచెము గుర్రుమనేది; అయినను ఆమె ముందు వరుసలోనే కూర్చున్నది.

పౌలు యెరూషలేములోని బీదల కొరకు చందా పోగుచేసినప్పుడు దానిని ఒంటరిగా మోయలేదు. తీతును, సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట పెట్టుకొన్నాడు. దేవుని దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికి కూడ లెక్క సరిగా ఉండాలని ఆయన కోరాడు. ఈ వచనముల మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. డబ్బా మాత్రము నా బీరువాలోనే పెట్టుకొన్నాను.

సేవకులారా, పెద్దలారా, మీరు గిటారు బోర్డులే తెప్పించినను, కుర్చీలే కొన్నను, ఈ మూడు మరువకండి. సొమ్ము ఇద్దరి చేతులలో ఉంచి రసీదు ఇవ్వండి. ఇంటి డబ్బుతో కలపకండి. అన్నిటికీ ఆర్డరు ఇచ్చే ముందు ఒక్కటి చేసి చూడండి. ఇల్లు గడవని దినము వస్తే సంఘముతో చెప్పుకొనుటకు సిగ్గుపడకండి.

ఆ రేకు డబ్బా ఇప్పుడు కోశాధికారి ఇంటిలో ఉంది. దాని మూతకు రెండు తాళములు. ఒకటి ఆయన దగ్గర, రెండవది ఆ విధవరాలి దగ్గర ఉన్నది. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.