నాయన నోరు

మా నాయనకు ఫోటో లేదు. ఓటరు కార్డుల మీద ఫోటోలు రాకముందే పోయాడు. పెళ్లినాడు తీయించుకునే తాహతు లేదు. చచ్చిననాడు తీయిద్దామన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. ఆయన 22 ఏళ్లు పాలేరుతనం చేసిన ఇంట్లో మాత్రం వసారా నుంచి హాలుదాకా బొమ్మలే. ఆసామి ముత్తాత, తాత, వాళ్ల తలపాగాలు, వెండిపొన్ను కర్రలు.

నేను బోర్డులు రాసి చదువుకున్నవాణ్ణి. తర్వాత డ్రాయింగు మాస్టరునయ్యాను. ఇంటర్ చదివే రోజుల్లో ఆ ఆసామే తన తండ్రి ఫోటో ఇచ్చి పెద్ద బొమ్మ వెయ్యమన్నాడు. గొడ్లపాకలో కూచోబెట్టారు. ఫోటో మీద గళ్లు గీసి, కాన్వాసు మీద గళ్లు గీసి 11 రోజులు వేశాను. అయిపోయాక వాకిట్లో పెట్టి పక్కకు తప్పుకోవాలి. వాళ్ల చుట్టాల కుర్రాడు లోపలికి తీసుకుపోయి మేకు కొట్టాడు. నేను వేసిన బొమ్మ ఆ గోడ మీద ఎట్లా ఉందో నాకు తెలవదు.

2019లో అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. ‘నీకు బొమ్మలిష్టం గదా నాన్నా’ అని వాడు నన్ను వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి తీసుకెళ్లాడు. లోపలికి అడుగుపెట్టేటప్పుడు ఈ వయసులో కూడా నా కాళ్లు ఒక్క క్షణం వాకిట్లో ఆగాయి. ఎవరూ ఆపలేదు. టిక్కెట్టు కూడా లేదు.

అధ్యక్షుల గదిలో మనిషంత ఎత్తున జార్జి వాషింగ్టన్. 1796లో గిల్బర్ట్ స్టూవర్ట్ వేసింది. నల్ల మఖమల్ బట్టలు, ఎడంచేతిలో కత్తి, చాచిన కుడిచెయ్యి, వెనక స్తంభాలు, ఎర్ర తెర. ఆ తర్వాత నూరేళ్లూ అక్కడ పెద్దమనిషి బొమ్మంటే చాలాసార్లు ఇదే సరంజామా. చదువురానివాడు కూడా ఇతను పెద్దవాడని ఒప్పుకునేట్టు చేస్తాయి స్తంభాలు. నేను మాత్రం బొమ్మలేసేవాణ్ణి గనక ముందు నోరు చూశాను. బిగుసుకుపోయి ఉంది. కట్టుడు పళ్లు. ఆయన ఎస్టేటు లెక్కపుస్తకంలో 1784లో ఒక పద్దు ఉంది, నీగ్రోలకు 9 పళ్ల నిమిత్తం ఇచ్చిన నగదు అని. 1799లో ఆ ఎస్టేటులో 317 మంది బానిసలు. అందులో 123 మంది ఆయన సొంతం. ఒక్కరు కూడా ఈ బొమ్మలో లేరు.

ఇదే బొమ్మకు నకలు ఒకటి అధ్యక్ష భవనంలో ఉండేది. 1814 ఆగస్టులో ఇంగ్లీషు సైన్యం భవనానికి నిప్పు పెట్టబోయేముందు దొరసాని డాలీ మాడిసన్ దాన్ని కోసి పట్టుకుపోయి కాపాడిందని పిల్లలకు కథ చెప్తారు. ఆ ఇంట్లో పనిచేసే బానిస కుర్రాడు పాల్ జెన్నింగ్స్‌కు అప్పుడు 15 ఏళ్లు. స్వేచ్ఛ పొందాక 1865లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో అతను ఆ కథ అబద్ధమన్నాడు. అంత ఎత్తున్న బొమ్మ దించాలంటే నిచ్చెన కావాలి, ఆమెకు అంత టైమెక్కడిది, దించింది ద్వారపాలకుడూ తోటమాలీ అని రాశాడు. నిచ్చెన గుర్తుండేది పనివాడికే గదా!

పక్క గోడన లింకన్. జార్జి హీలీ వేసింది. అసలు బొమ్మ 1869లో, లింకన్ చనిపోయిన నాలుగేళ్లకు. ఇక్కడున్నది 1887లో వేసిన ప్రతి. స్తంభం లేదు, తెర లేదు. కుర్చీలో ముందుకు వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎదుటివాడి మాట వింటున్న మనిషి. నాకు బాగా నచ్చింది. కానీ ఇదే హీలీ అంతకుముందు కాల్హౌన్ బొమ్మ కూడా అంతే శ్రద్ధగా వేశాడు. బానిసత్వం మేలైనదని 1837లో సెనేట్‌లో నిలబడి చెప్పిన కాల్హౌన్. హీలీని అనడానికి నోరు రాలేదు. నేను గొడ్లపాకలో కూచుని చేసిందేమిటి?

నల్లవాళ్ల బొమ్మలు వేసినవాళ్లు లేకపోలేదు. అమిస్టాడ్ ఓడలో 1839లో తిరగబడ్డ ఆఫ్రికన్ల నాయకుడు సెంగ్బే పియే బొమ్మను నథానియల్ జాస్లిన్ అనే తెల్లవాడు వేశాడు. తెల్లటి గుడ్డ భుజం మీదుగా కప్పుకుని, చేత్తో కర్ర పట్టుకుని, రాజులా ఉంటాడు. వేయించింది ఫిలడెల్ఫియా ఉద్యమకారుడు రాబర్ట్ పర్విస్. 1841లో ఆ ఊరి చిత్రకారుల సంఘం దాన్ని ప్రదర్శనలో పెట్టనివ్వలేదు. ఇట్లాంటివి పెట్టే ఆచారం లేదు, రోజులు బాగాలేవు అన్నారు. మా ఊళ్లో అంబేడ్కర్ విగ్రహం పెడతామన్నప్పుడు పెద్దలు మాకు చెప్పిన మాటలూ ఇవే.

ఇక ఫ్రెడరిక్ డగ్లస్. ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని బానిసత్వం రద్దు చేసిన అమెరికన్లకు అంకితమిచ్చాడని హాస్టల్లో విన్నప్పటినుంచీ ఈయన పేరు మాకు చుట్టం పేరు లాంటిదే. 1838లో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాడు. 1849లో తన పత్రికలో రాశాడు, తెల్ల చిత్రకారులు నల్ల ముఖాన్ని ఉన్నదున్నట్టు వెయ్యలేరని. వాళ్ల బుర్రలో నల్లవాడి బొమ్మ ముందే ఉంటుంది, ఎదుటి మనిషి వాళ్లకు కనపడడు. ఒక పుస్తకంలో తన బొమ్మనే చూసుకుని, పారిపోయిన బానిస ముఖంలో ఉండనంత సౌమ్యం, మంచితనం ఇందులో పెట్టారే అని ఎత్తిపొడిచాడు. నవ్వు ముఖం పెట్టారు ఆయనకు! అందుకే కెమెరాను నమ్ముకున్నాడు. 160 దాకా ఫోటోలు దొరికాయి. ఆ శతాబ్దపు అమెరికాలో ఇంకెవరికీ అన్ని లేవంటారు. దాదాపు అన్నిట్లోనూ సూటిచూపు, మూసిన పెదాలు.

ఆ సంగతి చదివిననాడు నాకు అన్నం సయించలేదు. ఎందుకో చెప్తాను.

నాయన పోయిన మూడో ఏడు, జ్ఞాపకం మీదే ఆయన బొమ్మ వేశాను. భుజాన తువ్వాలు, కొంచెం వంచిన మెడ, నవ్వుమొహం. బాగా కుదిరిందని అమ్మకు చూపించాను. అమ్మ చాలాసేపు చూసింది.

‘ఈ నవ్వు మనింట్లోది కాదురా అబ్బాయ్. కామందు ముందర నవ్వేది.’

‘మరి ఇంట్లో ఎట్టా ఉండేవాడే?’

‘నవ్వే ఓపికెక్కడిది? వచ్చి గోడకానుకుని కూచునేవాడు. చుట్ట అయిపోయిందాకా మాటుండేది కాదు.’

నేను చూసిన నాయన అది కాదు. చీకటితో లేచి వెళ్లి, మేం నిద్రపోయాక వచ్చేవాడు. ఆయన మొహం నేను తేరిపారా చూసింది కామందు ఇంటికి సంగటి తీసుకెళ్లినప్పుడే. అక్కడ ఆ నవ్వు ఉండేది. ఆ నవ్వునే నేను మా నాయన అనుకున్నాను. డగ్లస్ తెల్లవాళ్లను అన్న మాట నా కుంచెకూ తగిలింది, నేను కొడుకునే అయినా.

ఇప్పటికి నాలుగుసార్లు చెరిపి వేశాను. స్తంభం పెట్టలేదు, కుర్చీ కూడా పెట్టలేదు. గోడకు ఆనుకుని కూచున్నాడు. గోడ వచ్చింది, చేతులు వచ్చాయి, నోరు రావడం లేదు. అమ్మ 2006లో పోయింది. అడగడానికి మా పెద్దక్క ఒక్కతే ఉంది. వచ్చే నెల వెళ్తాను. చుట్ట ఏ పక్కన పెట్టుకునేవాడో అడగాలి.