ముసలి డకోటా

పాతదంతయు పారవేయవలెననువారికిని, దానిపై చేయి వేయరాదనువారికిని మా పెదవేగిలో కొదువ లేదు. ఇరుతెగలవారికిని డకోటా విమానమును చూపవలెనని నా కోరిక. 1935లో మొదట నెగిరిన యా డీసీ-3 జాతి విమానములనే దక్కన్ ఎయిర్‌వేస్‌వారు, 1953 నాటి జాతీయకరణము వరకు, హైదరాబాదులోని బేగంపేటనుండి నడపిరి.

కాలము తీరినదనుకొన్న యా విమానములు కొన్నింటికి అమెరికాలోని బాస్లరు సంస్థవారు పెట్రోలు ఇంజనులను తీసి, కిరోసినుతో నడచు టర్బైనులను బిగించిరి. అంతతో సరిపోలేదు. తూకము చెడకుండ రెక్కలముందు మేనిని సుమారు మీటరు పొడిగింపవలసెను, రెక్కలను దృఢపరుపవలసెను. నాకు నచ్చినది ఇదియే. బాలికను బడికి బంపి, వంటయింటి చాకిరియంతయు నామె నెత్తిననే యుంచు మన యిండ్లలో ఇంజను మాత్రమే మారినది!

అట్లు మారిన విమానము బీటీ-67 అను పేర, మంచుపై జారు స్కీలను దాల్చి, అంటార్కిటికాలో నేటికిని దిగుచున్నది.