ఏటిగట్టు మీద హిమాలయన్

మా ఇంటి ముందు నిలబడి ఉండే బండి పేరు హిమాలయన్. మా రాజోలు వైపు ఎంత వెతికినా కొండ అనేది కనబడదు. ఎక్కడానికి మాకున్నవల్లా ఏటిగట్లు, కాలవగట్లు, ఇంకా కావాలంటే చించినాడ వంతెన. ఈ సంగతి క్లాసులో ఎవరో ఒకరు వారానికోసారి గుర్తుచేస్తూనే ఉంటారు. మా అమ్మ దానికి "ఒంటె" అని పేరు పెట్టింది. ఆ పేరు కూడా ఎలాగో కాలేజీ దాకా పాకింది. ఈ సంచికకి ఏదైనా రాయమన్నారు కాబట్టి ఆ ఒంటె గురించే రాస్తున్నాను.

ఇలాంటి బళ్ళని డ్యూయల్ స్పోర్ట్ అంటారు. రోడ్డు మీదా నడవాలి, రోడ్డు లేనిచోటా నడవాలి. 1968లో యమహా డీటీ-1 వచ్చాక ఈ రకానికి గిరాకీ పుట్టింది. 1980లో బీఎండబ్ల్యూ వాళ్ళు ఆర్80 జీ/ఎస్ అని 800 సీసీ బండి తెచ్చారు. ఆ జీ, ఎస్ అనే రెండు అక్షరాలకి జర్మన్ భాషలో అర్థం నేల, రోడ్డు. మన భాషలో చెప్పాలంటే గట్టూ రోడ్డూ. మన దేశంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ 2016లో 411 సీసీ హిమాలయన్ని దింపింది. 2023 చివర్లో 452 సీసీది వచ్చింది. మా ఇంట్లో ఉన్నది పాతది, 411. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17. పెట్రోలు నింపితే దాదాపు 200 కిలోలు.

కొండలు లేకపోయినా ఈ బండికి కోనసీమలో పని లేదనుకోవద్దు. మా ఇంటి నుంచి బయల్దేరితే ఒక గంటలో 216 హైవే, సిమెంటు వీధి, కాలవగట్టు, ఒండ్రుమట్టి బాట, సముద్రం దగ్గర సరుగుడు తోటల్లో ఇసుక దారి, అన్నీ తగులుతాయి. పెద్ద చక్రం గోతుల్లో పడకుండా దొర్లుకుంటూ పోతుంది. ఇంజన్ బోరు 78 మిల్లీమీటర్లు, స్ట్రోకు 86. పొడుగు స్ట్రోకు కావడంతో తక్కువ వేగంలోనే లాగుతుంది. గట్టు మీద ఎదురుగా గేదెలు వస్తుంటే ఫస్టు గేరులో వాటి నడకతో సమానంగా నడపొచ్చు. మాకు కావలసింది అదే.

ఇంతకీ బండి నాది కాదు, అన్నయ్యది. 2021లో కొన్నాడు. రెండేళ్ళు నడిపి కువైట్ వెళ్ళాడు. మా వైపు ఇదేమీ కొత్త కాదు. మలికిపురం, సఖినేటిపల్లి వీధుల్లో గల్ఫ్‌కి మనిషి వెళ్ళని ఇల్లు వెతుక్కోవాలి. వెళ్ళే ముందు తాళం నా చేతిలో పెట్టి "రెండేళ్ళు చూస్కోరా, వచ్చేస్తాను" అన్నాడు. ఆర్సీ తన పేరు మీద, ఈఎంఐ తన ఖాతాలోంచి, నడపడం నేను.

అన్నయ్య ఐదడుగుల పదకొండు అంగుళాలు, 84 కిలోలు. నేను ఐదడుగుల ఐదు, 59 కిలోలు. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. అన్నయ్యకి రెండు పాదాలూ నేలకి ఆనేవి, నాకు ముందు వేళ్ళు మాత్రమే. ఈ తేడా హైవే మీద తెలీదు. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళే పంటు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. రేవు వాలుగా ఉంటుంది, తడిసిన ఇనప పలక, ముందు ఆటో, వెనక వ్యాను, అందరికీ తొందరే. అక్కడ బండి ఒక పక్కకి ఒరిగితే 200 కిలోలని వేళ్ళు ఆపలేవు.

ఎత్తు తగ్గించడానికి ఎవర్ని అడిగినా చెప్పేది ఒకటే: "సీటు ఫోమ్ కోయించెయ్, అయిపోద్ది." అమలాపురంలో ఆ పని గంటలో చేసిస్తారు. కానీ కోసిన ఫోమ్ మళ్ళీ అతకదు. అన్నయ్య తిరిగొచ్చి కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అందుకని మొదటి రోజే నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఈ బండికి ఏం చేసినా తిరిగి యథాస్థితికి వచ్చేలా ఉండాలి. తీసింది పెట్టగలగాలి, తిప్పింది వెనక్కి తిప్పగలగాలి.

ఆ నియమం వల్లే సాగ్ అనే లెక్క దగ్గరికి వెళ్ళాను. మెకానికల్ వాళ్ళు నవ్వుకోవద్దు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. డబుల్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండగా, ఇరుసు నుంచి నిలువుగా సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవాలి. తర్వాత స్టాండు తీసి, నడిపే మనిషి బండెక్కి కూర్చున్నాక అదే దూరం ఇంకోసారి కొలవాలి. ఆ రెండింటి తేడాయే సాగ్. ఈ బండి వెనక చక్రానికి మొత్తం ప్రయాణం 180 మిల్లీమీటర్లు. అందులో దాదాపు 30 శాతం, అంటే 54 మిల్లీమీటర్లు, మనిషి కూర్చోగానే దిగాలి. అప్పుడే గొయ్యి వస్తే చక్రం కిందికి జారి నేలని పట్టుకోగలుగుతుంది. నేను కూర్చుంటే దిగింది 36 మాత్రమే. అన్నయ్య బరువుకి బిగించిన స్ప్రింగు నన్ను లెక్కలోకి తీసుకోవట్లేదన్న మాట.

స్ప్రింగు దగ్గరున్న రింగుని స్పానర్‌తో వదులు చేస్తే ప్రీలోడ్ తగ్గుతుంది. చాలామంది అనుకునేట్టు దీనివల్ల స్ప్రింగు మెత్తబడదు. దాని స్థిరాంకం దానిదే. బండి నిలబడే ఎత్తు మాత్రమే మారుతుంది. రెండు సాయంత్రాలు తిప్పి, కొలిచి, తిప్పి, 54కి తెచ్చాను. సీటు వెనక్కి 18 మిల్లీమీటర్లు దిగింది. ఈ మాత్రానికే ముందు వేళ్ళ బదులు ముందు పాదం ఆనింది. వెనక దించితే ముందు ఫోర్కు వాలు కాస్త పెరిగి మలుపు తిప్పడం బరువవుతుంది. ఆ తేడా తెలిసింది, రెండు వారాల్లో అలవాటైంది.

అయితే నేనొక్కణ్ణే నడిపే బండి కాదిది. వెనక అమ్మ కూర్చుంటుంది, ఒక్కోసారి అమ్మ ఒళ్ళో సంచి కూడా. అప్పుడు 54 చాలా ఎక్కువైపోతుంది, వెనక కుంగి హెడ్‌లైటు కొబ్బరిచెట్ల మొవ్వులు చూపిస్తుంది. అందుకని అమ్మ గోళ్ళరంగు అడిగి రింగు దగ్గర మూడు చుక్కలు పెట్టాను. ఒకటి అన్నయ్యది, ఒకటి నాది, మూడోది నేనూ అమ్మా. కాలేజీకి వెళ్ళే రోజు ఒక చుక్క, అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళే రోజు ఇంకో చుక్క. గేరు లివరు అన్నయ్య బూట్లకి తగ్గట్టు ఎత్తుగా ఉండేది, నా బూట్లకి దించాను. క్లచ్చు, బ్రేకు లివర్లని గట్టు మీద నిలబడి నడిపేటప్పుడు మణికట్టు మడత పడకుండా కొంచెం కిందికి వంచాను. ఇవన్నీ స్పానర్ పనులే. పావుగంటలో పూర్వస్థితికి తేవచ్చు.

యూట్యూబ్‌లో బండి సెటప్ అంటే మొదట చూపించేది ఇనప పెట్టెలు, క్రాష్ గార్డులు, ఫాగ్ లైట్లు. లద్దాఖ్ ప్రయాణానికి అవి అవసరమేమో. ఒండ్రుమట్టిలో ప్రతి కిలో మనకి ఎదురు పనిచేస్తుంది. వాన పడ్డాక కాలవగట్టు మట్టి టైరుకి అతుక్కుని, మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య గట్టిపడి, చక్రాన్నే ఆపేస్తుంది. అక్కడ ఫాగ్ లైటు ఏమీ చెయ్యదు. కొబ్బరిమట్ట ముక్క ఉంటే మట్టి గోకెయ్యొచ్చు. అదే ముక్క ఇసుకలో సైడు స్టాండు కింద పెడితే స్టాండు దిగబడదు. మా బండికున్న విలువైన యాక్సెసరీ అదొక్కటే, అదీ ఉచితం. వీడియోల్లో చీర గార్డుని ముందుగా పీకేస్తారు. మేం ఉంచుకున్నాం. మోటారు వాహనాల నియమావళిలో 123వ నిబంధన అది ఉండాలంటుంది. నిబంధన లేకపోయినా వెనక కూర్చునేది మా అమ్మ.

ఇసుకకి వేరే లెక్క. టైరు నేలని తాకే వైశాల్యం సుమారుగా బరువుని గాలి ఒత్తిడితో భాగిస్తే వచ్చేది. అందుకే అంతర్వేది వైపు సరుగుడు తోటల్లోకి దిగేముందు గాలి 18 పీఎస్‌ఐ దాకా తీసేస్తాను. అంతకంటే తగ్గించను. ఇది ట్యూబు టైరు. మరీ తగ్గితే రిమ్ము మీద టైరు జారి ట్యూబు వాల్వు మొదట్లో తెగుతుంది. 21 అంగుళాల ట్యూబు ప్రతి పంచరు షాపులోనూ దొరకదు, అందుకని ఒకటి, చిన్న పంపు ఒకటి సంచిలో ఉంటాయి. సముద్రపు ఒడ్డులోకి మాత్రం బండి దించను. మన తీరంలో జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఇసుకలో గూడు ఎక్కడుందో పైనుంచి తెలీదు.

అసలు ఖర్చు మాత్రం ఉప్పుగాలిది. సముద్రం నుంచి వచ్చిన గాలి, రొయ్యల లారీల్లోంచి రోడ్డు మీద కారే నీళ్ళు, రెండూ కలిసి గొలుసునీ చువ్వల్నీ తింటాయి. నా పద్ధతి ఇది: తీరం వైపు వెళ్ళొచ్చిన రోజే మంచినీళ్ళతో కడగడం, గొలుసుని కిరసనాయిలుతో మెత్తని బ్రష్షుతో తుడిచి 90 నంబరు గేరాయిల్ పట్టించడం. మెకానిక్ బాబాయ్ ఒకే మాట అన్నాడు: "ఆయ్, కొండల్లో బండి పడితే పాడవుద్ది బాబూ, మన దగ్గర నిలబెడితేనే పాడవుద్ది." అన్నయ్య లేడని కప్పి ఉంచుదామని అమ్మ అన్నప్పుడు నేను అమ్మకి ఈ మాటే చెప్పాను.

అమ్మమ్మ వాళ్ళది పి.గన్నవరం మండలంలో లంక. వేసవిలో కాజ్‌వే మీదుగా ఇంటి గుమ్మం దాకా బండి వెళుతుంది. జూలై వస్తే సంగతి వేరు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక పిల్లలకి ఈ అంకెలు ఎక్కాల కంటే ముందు వస్తాయి. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. 1986 ఆగస్టులో అయితే 35 లక్షలు దాటింది. ఎత్తయిన బండి కదా, కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్ళేగా అని చూసేవాళ్ళు ఉసిగొలుపుతారు. పారే నీటి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ దాని ముందు ఏ మూలకీ రాదు. అలాంటి రోజు బండిని ఏటిగట్టు మీద చెట్టు కింద పెట్టి, తాళం జేబులో వేసుకుని, నాటుపడవ ఎక్కుతాం. ఈ బండి గురించి నాకు తెలిసిన వాటిల్లో ఎక్కడ ఆపాలి అన్నదే ముఖ్యమైంది.

రెండేళ్ళూ అయిపోయాయి. అన్నయ్య రాలేదు. కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగించారట. ఆ సంగతి నేరుగా చెప్పలేదు. వీడియో కాల్‌లో బండి గురించి మాట్లాడుతూ, "సీటు ఇంకా ఎత్తుగానే ఉందా? ఫోమ్ కోయించెయ్యరా, పర్లేదు. ఎలాగూ నువ్వేగా నడిపేది. వీలు చూసి పేరు కూడా మార్పించేసుకో" అన్నాడు. ఫోన్ పట్టుకున్న నేను ఏమీ అనలేదు. పక్కన బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తి "అంటే వాడిప్పట్లో రాడన్న మాట" అంది. నేను సీటు ఎత్తు గురించి అనుకుంటున్న మాటని అమ్మ సరిగ్గా విన్నది.

పేరు మార్పుకి కావలసిన 29, 30 నంబరు ఫారాలు తెచ్చాను. ఈఎంఐలు తీరే దాకా ఎలాగూ కుదరదు కాబట్టి అవి టీవీ పక్కన ఉన్నాయి. ఫోమ్ కోయించలేదు. 18 మిల్లీమీటర్లు నాకు సరిపోతున్నాయి.

కువైట్‌లో శుక్రవారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం కాల్ చేసి అన్నయ్య ముందు అమ్మతో మాట్లాడతాడు, తర్వాత "స్టార్ట్ చెయ్యి" అంటాడు. నేను ఫోన్ ఇంజన్ దగ్గర పెడతాను. అర నిమిషం ఎవరూ మాట్లాడం. కిందటి వారం వినేసి "టాపెట్ చప్పుడు కొంచెం ఎక్కువుంది, బాబాయ్‌కి చూపించు" అన్నాడు. చూపించాను. నిజమే.