గాడిద తోక కుంచెతో గీసిన దీవి

పడవ దిగిన ప్రతి మనిషికీ రాజుగారే స్వయంగా రేవుకొచ్చి చెయ్యి కలిపి స్వాగతం చెప్పే రాజ్యం ఎక్కడైనా ఉందా? మన జానపద సినిమాల్లో కూడా అంత మంచి రాజు దొరకడు కదూ! అక్కడ రాజుగారు సింహాసనం దిగాలంటే కనీసం ఇంటర్వెల్ అయినా పడాలి.

కానీ అలాంటి రాజు నిజంగానే ఉండేవాడు. ఐర్లండ్ దేశానికి వాయవ్య మూల, అట్లాంటిక్ మహాసముద్రంలో, టోరీ అనే బుల్లి దీవిలో. పేరు ప్యాట్సీ డాన్ రోజర్స్. కిరీటం లేదు, పన్నులు లేవు, సైన్యం అసలే లేదు. నెత్తిన నావికుల టోపీ, చెవికి బంగారు పోగు. అకార్డియన్ వాయించేవాడు... అదేనండీ, మన పాత పాటల్లో చరణానికీ చరణానికీ మధ్య వినిపించే ఆ మడతల పెట్టె. అన్నిటికంటే విశేషం, ఆయన బొమ్మలు వేసేవాడు!

ఆయన 2018 అక్టోబరులో పోయారు. నేను ఆ రేవులో దిగింది 2019 ఆగస్టులో. పది నెలలు ఆలస్యం. ప్రివ్యూకి పిలుపొస్తే సినిమా ఎత్తేశాక వెళ్ళినట్టయింది నా పని.

అసలు నేనక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. మా చిన్నాన్న కొడుకు డోనిగాల్ జిల్లాలో లెటర్‌కెన్నీ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. "అన్నయ్యా, ఒక్కసారి రా, మా ఊరు చూద్దువుగాని" అని మూడేళ్ళు పోరితే వెళ్ళాను. మొదటి ఆదివారం దగ్గర్లో ఉన్న చర్చిల్ అనే పల్లెకి తీసుకెళ్ళాడు. అక్కడ గ్లీబ్ హౌస్ అని ఒక పాత భవంతి, పక్కనే చిత్రశాల. డెరెక్ హిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు తన ఇంటినీ, తను పోగుచేసిన కళాఖండాలనీ 1981లో ఐర్లండ్ ప్రభుత్వానికి ఇచ్చేశాడు. పెద్ద పెద్దవాళ్ళ బొమ్మల మధ్య ఒక చిన్న బొమ్మ నన్ను ఆపేసింది. నల్లటి సముద్రం, తెల్లటి నురగ, ఆకాశంలో పక్షి కూర్చుని చూసినట్టు కింద ఇళ్ళు. కొలతలూ నియమాలూ ఏమీ లేవు. కానీ చల్లగాలి మొహానికి కొట్టినట్టయింది.

"ఇది ఎవరు వేశార్రా?"

"టోరీ దీవిలో చేపలు పట్టుకునే ముసలాయనట అన్నయ్యా."

అంతే! మర్నాడు టోరీ వెళ్ళాల్సిందే అన్నాను.

సెన్సారు చేసేది గాలే

లెటర్‌కెన్నీ నుంచి కారులో గంట పైచిలుకు. దారిలో ఎరిగల్ కొండ కనిపిస్తుంది, 751 మీటర్ల ఎత్తు. శిఖరం చూస్తే ఎవరో బియ్యప్పిండి కుప్ప పోసినట్టుంటుంది. మాహెరోర్టీ అనే రేవులో పడవ ఎక్కాలి. అక్కణ్ణుంచి టోరీ సుమారు 14 కిలోమీటర్లు, ముప్పావు గంట ప్రయాణం... గాలి సరేనంటే! గాలి కాదంటే ఆ రోజుకి ఆట రద్దు. చలికాలంలో రోజుల తరబడి పడవ కదలదట. మేం వెళ్ళింది వేసవి. అయినా మొదటి పది నిమిషాలకే మా తమ్ముడు రెయిలింగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, నాకు పడవంటే లెక్కేమిటని ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. మరో పది నిమిషాలకి నేనూ కళ్ళు మూసుకున్నాను!

దీవి పొడవు దాదాపు 5 కిలోమీటర్లు, వెడల్పు ఒక కిలోమీటరు. జనాభా నూటయాభై లోపు. చెప్పుకోదగ్గ చెట్టు ఒక్కటి కనపడదు, అట్లాంటిక్ గాలి నిలవనివ్వదు. పడమటూరు, తూర్పూరు అనేవి ముఖ్యమైన ఊళ్ళు. రేవు దగ్గర ఇంగ్లీషు 'టి' అక్షరంలాంటి రాతి శిలువ ఒకటి, దాని పక్క ఊళ్ళో విరిగిన గుండ్రటి గోపురం... ఆరో శతాబ్దంలో కొలంకిల్ అనే సాధువు కట్టిన మఠం తాలూకు గుర్తులు. పడమటి కొసన 1832 నాటి దీపస్తంభం. మాట్లాడేది ఐరిష్ భాష. వాళ్ళ స్వాగతానికి అర్థం 'లక్ష స్వాగతాలు' అని. మనకి ఒక్క 'రండి రండి'తోనే సరిపెట్టుకోవడం అలవాటు!

తూర్పు కొసన కొండచరియల మీద బేలర్ కోట ఉండేదంటారు. బేలర్ కథ వింటే మీరు ఎగిరి గంతేస్తారు. అతనిది ఒంటికన్ను, చూపు పడితే చావే. మనవడి చేతిలో పోతావని జోస్యం చెప్తే కన్నకూతుర్ని కోటలో బంధించాడు. అయినా మనవడు పుట్టనే పుట్టాడు, తాతని చంపనే చంపాడు. మన కంసుడి కథే కదూ! అక్కడ చెల్లెలు, ఇక్కడ కూతురు. స్క్రీన్‌ప్లే మాత్రం ఒకటే.

నేనైతే ఇంతకంటే బాగా వేస్తాను

ఇక ఆ ముసలాయన సంగతి. పేరు జేమ్స్ డిక్సన్. 1887లో పుట్టాడు. చేపలు పట్టడం, ఉన్న కాస్త పొలం చేసుకోవడం, ఇదే జీవితం. 1950లలో డెరెక్ హిల్ ఏటా టోరీ వచ్చి, ఒక గుడిసెలో దిగి, సముద్రాన్నీ కొండల్నీ చిత్రిస్తూండేవాడు. ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని వస్తున్న జనం ఆయన చుట్టూ మూగి చూస్తున్నారు. వాళ్ళలోంచి డిక్సన్, నేనైతే ఇంతకంటే బాగా వెయ్యగలనన్నాడు.

పెద్ద చిత్రకారుడితో ఒక జాలరి అన్న మాట అది! మన దగ్గరైతే షూటింగ్ చూడ్డానికొచ్చిన మనిషి డైరెక్టరుతో "షాటు నేను పెడతా జరగండి" అన్నట్టు. హిల్ కోప్పడలేదు. సరే, రంగులూ కాగితాలూ పంపిస్తాను, వెయ్యమన్నాడు. డిక్సన్ అన్నీ తీసుకున్నాడు. కుంచెలు మాత్రం వద్దన్నాడు. తన గాడిద తోక వెంట్రుకలు కత్తిరించి కుంచెలు కట్టుకున్నాడు! డెబ్బై ఏళ్ళకి చేరువలో మొదలుపెట్టి, 1970లో పోయేదాకా వేస్తూనే ఉన్నాడు. తుఫానులు, పడవలు, పక్షులు, దీవి పక్కగా వెళ్ళే ఓడలు. ఏం వేశాడో, ఏ రోజు వేశాడో, వేసిందెవరో అన్నీ బొమ్మ మీదే రాసేవాడు. సినిమా పోస్టరు మీద పేర్లు వేసినట్టు!

ఆయన్ని చూసి మరి కొందరు జాలర్లు కుంచె పట్టారు. టోరీ చిత్రకారులని లోకం వాళ్ళని ఒక వర్గంగా గుర్తించింది. ప్యాట్సీ డాన్ వాళ్ళలో ఒకడు.

ఇందులో నవ్వులాట కాని సంగతి ఒకటుంది. 1974లో వచ్చిన తుఫాను దీవిని వారాల తరబడి వేరు చేసేసింది. ఇక్కడ బతకలేం, బయటికి పోదామన్న మాట అప్పట్నుంచీ గట్టిపడింది. 1980ల మొదట్లో కొన్ని కుటుంబాలు ఎదురొడ్డున ప్రభుత్వం చూపిన ఇళ్ళకి వెళ్ళిపోయాయి. మిగతా అందరూ వెళ్తే టోరీ ఖాళీ అయ్యేదే. వెళ్ళం అని భీష్మించినవాళ్ళలో ప్యాట్సీ డాన్ ముందు నిలబడ్డాడు. ఆ దీవిలో మనుషులున్నారని బయట లోకానికి గుర్తుచేసిన వాటిలో ఈ బొమ్మలూ ఉన్నాయి.

ఒక గది, పదకొండు బొమ్మలు

డిక్సన్ పేరు పెట్టిన చిత్రశాల చాలా చిన్నది. మన ఊళ్ళో ప్రొజెక్టర్ గది అంత అనుకోండి. తెల్లటి గోడలు. ఆ వారం స్థానికుడొకాయన కొత్తగా వేసిన బొమ్మలు తగిలించారు. ఆయనే తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి, చేతులు చూస్తే తాళ్ళు లాగిన చేతులు. మీ గురించి రాసుకోవచ్చా అంటే "బొమ్మల గురించి రాయి, నా పేరెందుకు" అన్నాడు. అందుకే రాయడం లేదు.

లెక్కపెట్టాను, పదకొండు. ఒకదాంట్లో దీపస్తంభం, దాని చుట్టూ దీపస్తంభం కంటే పెద్ద అల. ఒకదాంట్లో కోడిపిల్లల్లాంటి పఫిన్ పక్షులు వరసగా, టిక్కెట్ల క్యూలో నిలబడ్డట్టు. ఒకదాంట్లో 1884లో ఆ దీపస్తంభం కిందే రాళ్ళకి కొట్టుకున్న 'వాస్ప్' అనే యుద్ధనౌక. యాభై మందికి పైగా పోయారు, ఆరుగురే బతికారు. వేరే దీవిలో బీదవాళ్ళని ఇళ్ళలోంచి గెంటించే పని మీద వెళ్తున్న ఓడ అది. టోరీవాళ్ళు శాపం రాయి తిప్పారు గనకే మునిగిందని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

చివరి బొమ్మ దగ్గర ఆగిపోయాను. రేవు. పడవ వస్తోంది, పడవ నిండా జనం. రేవులో మాత్రం ఎవరూ లేరు. రాయి, తాడు, నీటి తడి, అంతే.

"ఇక్కడ మనిషిని వెయ్యడం మర్చిపోయారా?" అని నోరు జారాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మూడుసార్లు వేశాను, మూడుసార్లు తుడిచేశాను. అకార్డియన్ వచ్చింది గానీ మొహం రాలేదు" అన్నాడు.

రాజుగారి సంగతి అని అప్పటికి వెలిగింది నాకు. ఏం మాట్లాడాలో తెలియక "మా నాన్నా బొమ్మలేసేవారు" అన్నాను.

"ఏం వేసేవాడు?"

"సినిమా బొమ్మలు. నలభై అడుగులవి."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నలభై అడుగులా! ఒక్కటైనా ఉందా మీ ఇంట్లో?"

లేదన్నాను. ఒక్కటి కూడా లేదు.

మా నాన్న సంతకం

మీలో చాలామందికి ఫ్లెక్సీలు తప్ప తెలియవు. అంతకుముందు హీరో మొహాన్ని మనిషే వేసేవాడు. మా నాన్న రాజమండ్రిలో బ్యానర్ ఆర్టిస్టు. అరచేయంత ఫోటో మీద పెన్సిల్‌తో గళ్ళు కొట్టి, గుడ్డ మీద అన్నే గళ్ళు పెద్దవి కొట్టి, సారువ మీద నిలబడి ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోయేవారు. దగ్గర నుంచి చూస్తే గులాబీ మరకలు, నీలం మరకలు. రోడ్డవతల నుంచి చూస్తే హీరో కళ్ళెర్రజేసి చూస్తున్నాడు! కింద మూలన చిన్నగా మా నాన్న సంతకం. సినిమా మారితే ఆ గుడ్డ మీదే తెల్లరంగు పూసి ఇంకో బొమ్మ. ఒక హీరో మీద ఇంకో హీరో, ఒక సంతకం మీద ఇంకో సంతకం. ఇంకేం మిగులుతాయి?

ఫ్లెక్సీలు వచ్చాక ఒక థియేటర్ మేనేజరు "ఇక వద్దులెండి మాస్టారూ" అన్నాడు. నాన్న కుంచెలు కిరసనాయిల్లో కడిగి, తుడిచి, పాత డాల్డా డబ్బాలో పెట్టి అటక మీద పడేశారు. మళ్ళీ తియ్యలేదు. మా ఊళ్ళోనే దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండానే 1925లో పోయిన మహా చిత్రకారుడాయన. చిన్నప్పుడు లోపలికి వెళ్దాం నాన్నా అంటే, "అవి ఆర్టిస్టులవిరా, మనవి బోర్డులు" అనేవారు. సంతలో ఎం.ఎఫ్. హుస్సేన్ అంతటివాడు కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసే పైకొచ్చాడని నాకప్పుడు తెలీదు, తెలిస్తే చెప్పేవాణ్ణి.

ఇదంతా ఆ ముసలాయనకి వచ్చీరాని ఇంగ్లీషు యాసల మధ్య చెప్పాను. ఆయన అంతా విని, "చేతులు బాగానే ఉన్నాయా మీ నాన్నకి?" అని ఒక్కటే అడిగాడు.

"ఉన్నాయి."

"మరింకేం!" అన్నాడు.

రేవు బొమ్మ అమ్మనన్నాడు. పఫిన్ పక్షుల క్యూ కొనుక్కున్నాను. తిరుగు పడవలో అలల మధ్య దాన్ని చొక్కాలోపల పెట్టుకుని కూర్చున్నాను. రేవులో ఈసారి ఒక మనిషి నిలబడి చెయ్యి ఊపుతున్నాడు, బొమ్మలాయనే.

క్లైమాక్స్

టోరీ గురించి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, 2022లో వచ్చిన 'ది బ్యాన్‌షీస్ ఆఫ్ ఇనిషెరిన్' సినిమాని మొన్న మళ్ళీ చూశాను. ఐర్లండ్ దీవుల్లోనే, ఇనిష్‌మోర్, అకిల్ దీవుల్లో తీశారు. 1934లో ఫ్లాహర్టీ తీసిన 'మ్యాన్ ఆఫ్ ఆరన్' కూడా చూశాను. అందులో దీవివాళ్ళు పెద్ద సొరచేపని వేటాడతారు. నిజానికి ఆ వేట వాళ్ళు ఎప్పుడో మానేశారు, సినిమా కోసం మళ్ళీ నేర్పించారు. దీవి ఎలా ఉంటుందో బయటివాళ్ళు తీస్తే అంతే. చాలా అందంగా ఉంటుంది, కొంచెం అబద్ధంగానూ ఉంటుంది. టోరీలో మాత్రం దీవివాళ్ళే తమ దీవిని గీసుకున్నారు. అందులో అందం తక్కువైనా చలి నిజం, ఖాళీ రేవు నిజం.

ఇంటికి రాగానే పఫిన్ బొమ్మని నాన్న చేతికిచ్చాను. వెలుతురులోకి తీసుకెళ్ళి, కళ్ళద్దాలు పైకి తోసి, దూరం పెట్టి చూశారు, దగ్గరికి తెచ్చి చూశారు. గాడిద తోక కథంతా ఇంకా నేను చెప్పనేలేదు సుమండీ!

"ఎంత పెట్టి కొన్నావురా దీన్ని? ఇంతకంటే నేను బాగా వేస్తాను" అన్నారు.

నేనేమీ మాట్లాడకుండా నిచ్చెన వేసుకుని అటకెక్కాను. డాల్డా డబ్బా దించాను. సగం కుంచెలు పురుగు తినేసింది. మిగతావి పనికొస్తాయన్నారు.

ఇప్పుడు మా ఇంటి హాల్లో రెండు బొమ్మలున్నాయి. ఒకటి పఫిన్ పక్షుల క్యూ. రెండోది నేల టిక్కెట్ల క్యూ, పొడుగు రెండడుగులే. చొక్కాలు విప్పి నెత్తిన చుట్టుకున్న కుర్రాళ్ళు, లాఠీ పట్టుకున్న కానిస్టేబులు, గేటు మీద ఎక్కినవాడు. పైన కటౌట్ ఉండాల్సిన చోట తెల్లగా వదిలేశారు. ఎవర్ని వేస్తారు నాన్నా అంటే, "తొందరేముంది, ఆలోచిద్దాం" అంటున్నారు.

మూలన సంతకం మాత్రం అప్పుడే పెట్టేశారు.